ల్యామినేషన్ కూడా వచ్చు

2024 నవంబర్ 4, సోమవారం

మా కాలేజీలో కంప్యూటర్ ల్యాబు ఉందని ఈ రోజు తెలిసింది. నెల రోజులుగా ఆ తలుపు ముందు నుంచే అనాటమీ హాలుకు వెళ్తున్నాం. తాళానికి పసుపు కుంకుమ, గడపకు ఎండిన బంతిపూల దండ చూసి నేను అది దేవుడి గది అనుకున్నాను. పోతూ పోతూ మొక్కిన రోజులు కూడా ఉన్నాయి. ఎముకల పరీక్షలో మార్కులు బాగానే వచ్చాయి కాబట్టి ఆ మొక్కులు వృథా అయ్యాయని అనలేను.

తాళం తీసింది అటెండరు సదానందం గారు. అందరి చెప్పులూ బయట విప్పించి లోపలికి పంపారు. నలభై కంప్యూటర్లు, నలభై ప్లాస్టిక్ కవర్లు. కవర్లు తీయొద్దన్నారు. కవర్ల మీది నుంచే చూశాం.

కమ్యూనిటీ మెడిసిన్ లక్ష్మణ్ సార్ వచ్చి సంగతి చెప్పారు. కొత్తగా చేరిన మా వంద మందికి కంప్యూటరూ ఇంటర్నెట్టూ ఎంత వచ్చో సర్వే చేస్తారట. ముప్పై ప్రశ్నలు. ప్రతిదానికీ 'చాలా బాగా వచ్చు' నుంచి 'అసలు రాదు' దాకా ఐదింట్లో ఒకటి మన గురించి మనమే ఎంచుకోవాలి. లింకు క్లాసు గ్రూపులో పెట్టారు. శుక్రవారంలోగా నింపాలి. దాని మీద సార్ పరిశోధన వ్యాసం రాస్తారు. రానివాళ్లను బేసిక్ బ్యాచ్‌లో వేస్తారు. వాళ్లకు రోజూ సాయంత్రం ఐదింటికి ఇక్కడే క్లాసు.

బేసిక్ బ్యాచ్ అనగానే అందరి ముఖాలూ ఒకేలా అయ్యాయి. మేమంతా పదో తరగతి నుంచీ ముందు బెంచీ పిల్లలం. మా ఊళ్లలో మా ఫొటోలతో ఫ్లెక్సీలు పడ్డాయి.

సార్ ఏదో ఇంగ్లిషు మాట వాడారు. లైబ్రరీలో నిఘంటువు తిరగేసి తెలుగు పట్టుకున్నాను: స్వీయ మూల్యాంకనం. ఎంత నిండైన మాట. నోట్సు వెనక పేజీలో మూడుసార్లు రాసుకున్నాను.

నవంబర్ 5, మంగళవారం

లింకు తెరిచాను. మొదటి ప్రశ్న, కంప్యూటర్ ఆన్ చేయడం వచ్చా. ఏడో ప్రశ్న దగ్గర 'స్ప్రెడ్‌షీట్' అని ఉంది. వెనక్కి వచ్చేశాను. రాక కాదు. ఫారం అన్నది తప్పు లేకుండా నింపాల్సిన వస్తువు. అది సుల్తానాబాద్ బస్టాండు పక్కన నెట్ సెంటర్ నడిపే ఓంప్రకాశ్ అన్న పని. నీట్ దరఖాస్తు, కౌన్సెలింగ్ ఆప్షన్లు, కులం సర్టిఫికెట్, చివరికి నా మెయిలు కూడా ఆయన తయారు చేసిందే. దాని పాస్‌వర్డ్ ఆయన పొడుగు నోటుబుక్కులో ఉంటుంది. నేనెప్పుడూ అడగలేదు. బస్సు ఎక్కినవాళ్లం బ్రేకు ఎక్కడుందని డ్రైవరును అడగం కదా.

ఫోన్ చేశాను. అయ్యప్ప మాలలో ఉన్నాడు, అందుకని నన్ను చెల్లె అనకుండా మాతా అంటున్నాడు.

"లింకు పంపు మాతా, రోల్ నంబర్ పెట్టు. పది నిమిషాల పని."

"అన్నా, దాంట్ల నాకెంత వస్తదని అడుగుతుండ్రు."

"ఫారం అన్నంక అడుగుతది. తక్కువ పెడితె రిజెక్టయితది. పదిహేనేండ్ల సంది నింపుతున్న, నీ ఫారం ఒక్కటన్న వాపస్ వచ్చిందా?"

రాలేదు. ఒక్కటి కూడా రాలేదు.

పది నిమిషాల్లో అయిపోయింది. ముప్పైకి ముప్పై 'చాలా బాగా వచ్చు'. చివర 'ఇతర నైపుణ్యాలు' అనే గడి ఉంటే అందులో కూడా ఏదో రాశాడట. గడి ఖాళీగా వదలడం ఆయన వృత్తిధర్మంలో లేదు.

ఇది అబద్ధం కాదని రాసిపెడుతున్నాను. కోర్టులో వకీలు మన తరఫున మాట్లాడితే అది మన మాటే అవుతుంది. పైగా మాలలో ఉన్న మనిషి అబద్ధం రాయడు.

నవంబర్ 6, బుధవారం

ప్రవళిక ఓంప్రకాశ్ అన్న నంబరు అడిగింది. ఇచ్చాను. ప్రవళిక నా రూమ్మేటు, కాగజ్‌నగర్ పిల్ల, మొదటి నుంచీ ఇంగ్లిషు మీడియం. మస్కట్ నుంచి వాళ్ల మామ పంపిన ల్యాప్‌టాప్ అలమారాలో డ్రెస్సుల అడుగున ఉంది. దసరాకు దానికి పెట్టిన బొట్టు ఇంకా చెదరలేదు. "నాకు వస్తది గని టైం లేదు" అన్నది.

రాత్రి భోజనాల వేళకు ఆ నంబరు హాస్టలు మొత్తానిది అయింది. అబ్బాయిల హాస్టలుకు కూడా చేరిందని తెలిసింది.

నవంబర్ 8, శుక్రవారం

వందకు వంద ఫారాలు. తన ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏ సర్వేకూ ఇట్లా రాలేదని లక్ష్మణ్ సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నవంబర్ 12, మంగళవారం

ఫలితాలు. సార్ పెద్ద తెర మీద రంగు రంగుల బొమ్మలు వేసి చూపించారు. తొంభై ఒక్క మంది 'అత్యంత ప్రావీణ్యం'. తొమ్మిది మంది బేసిక్. ఈ కాలేజీకి ఇట్లాంటి బ్యాచ్ వస్తుందని తాను కలలో కూడా అనుకోలేదన్నారు.

బేసిక్ వాళ్లను లేచి నిలబడమన్నారు. అందులో బాలమల్లు అనే అబ్బాయి ఉన్నాడు, లక్సెట్టిపేట దగ్గర ఏదో పల్లె. ముప్పైలో పందొమ్మిదింటికి 'అసలు రాదు' అని పెట్టాడు. అట్లా ఎందుకు పెట్టావని సార్ అడిగితే, "రావు గనుక పెట్టిన సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను కూడా.

తర్వాత తెలిసింది, వాళ్ల ఊళ్లో నెట్ సెంటర్ లేదట. చిన్నప్పటి నుంచీ ఏ ఫారమైనా ఫోన్లో తనే నింపుకుంటాడట. ఇదీ నలభై నిమిషాలు కూర్చుని తనే నింపాడట. ఆ తొమ్మిది మందిదీ అదే కథ, తమ ఫారాలు తామే నింపుకున్నవాళ్లు. పాపం, చెప్పేవాళ్లు లేక వెనకబడ్డారు.

ఇక నా సంగతి. తొంభై ఒక్క మందికీ నూటయాభైకి నూటయాభై మార్కులే. కానీ అందరికంటే ముందు అందిన ఫారం నాది. అందుకని నేను ప్రథమం. సార్ నా ఇతర నైపుణ్యాలు పైకి చదివారు: డీటీపీ, ఫొటో ప్రింటింగ్, జిరాక్స్, ల్యామినేషన్.

"ల్యామినేషన్ కూడా వచ్చా అమ్మా?"

నేను అవునని అనలేదు. తల ఊగింది.

తొంభై ఒక్క మంది ఫారాల్లోనూ అదే ఉందట. వైద్య విద్యార్థులకు ఇంత పెద్ద సంఖ్యలో ల్యామినేషన్ రావడం ఈ ప్రాంతపు ప్రత్యేకత అయి ఉంటుందని, దాని మీద విడిగా ఇంకో వ్యాసం రాయొచ్చని సార్ అన్నారు. తర్వాత నా కోటుకు 'డిజిటల్ లీడర్' అని బ్యాడ్జి పెట్టారు. ఎల్లుండి నుంచి బేసిక్ బ్యాచ్‌కు నేనే చెప్పాలి. ఎవరో పేపరు విలేకరి వచ్చి ఫొటో తీసుకున్నాడు.

ప్రావీణ్యం. ఈ మాట పలికితే నోరు నిండుతుంది.

నవంబర్ 13, బుధవారం

బాపు ఫోన్. ఆయన రైస్ మిల్లులో కాంటా దగ్గర పనిచేస్తాడు. జిల్లా పేజీలో నా ఫొటో పడిందట. ఓంప్రకాశ్ అన్న దాన్ని కత్తిరించి రెండు ల్యామినేషన్లు చేశాడట, ఒకటి షాపులో తగిలించుకున్నాడు, ఒకటి బాపుకిచ్చాడు.

"వడ్లు తెచ్చినోళ్లందరికి చూపెడుతున్న రోజా. కాంటా ఎక్కెటప్పుడు ఒకపారి, దిగెటప్పుడు ఒకపారి. పొద్దుగాల మీ అవ్వయితె చదువు రాకున్న నాలుగుసార్లు తీసి చూసింది."

సిగ్నల్ పోయిందేమో అని బాపు హలో హలో అన్నాడు.

నవంబర్ 14, గురువారం

మొదటి క్లాసు. తొమ్మిది మంది, నలభై కంప్యూటర్లు, నేను.

అసలు చిక్కు ఎక్కడంటే ఆన్ బటన్ ఎక్కడుందో కవరు మీది నుంచి కనిపించదు. కాబట్టి ముందు సిద్ధాంతం, తర్వాతే ప్రయోగం అని నిర్ణయించాను. అనాటమీలో కూడా అంతే కదా, ముందు పుస్తకం, తర్వాత శరీరం. నోట్సు చెప్పాను. కంప్యూటర్ నిర్వచనం. కంప్యూటర్ భాగాలు. తర్వాత మౌసును ఎముకల పద్ధతిలో వివరించాను. నునుపైన తలం పైకి, తోక ముందుకు ఉండేట్టు పట్టుకోవాలి, అప్పుడు కుడి ఎడమలు తెలుస్తాయి. పై తలంలో రెండు ఉబ్బులు, నడుమ ఒక గాడి, గాడిలో చక్రం. అందరూ బొమ్మ గీసి భాగాలు గుర్తించారు. ఒకమ్మాయి రంగులు కూడా వేసింది.

సదానందం గారు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని విన్నారు. కంప్యూటర్ క్లాసు ఇంత మర్యాదగా జరగడం ఎక్కడా చూడలేదన్నారు. ఒక్క కవరు కూడా కదలలేదు.

అంతా అయ్యాక బాలమల్లు చేయెత్తాడు. "లీడర్, ఆన్ ఎప్పుడు చేస్తం?"

సిలబస్ పూర్తయ్యాక అన్నాను.

వాడు నవ్వాడో లేదో సరిగా కనిపించలేదు. కనిపించింది.

నవంబర్ 18, సోమవారం

వచ్చే సోమవారం పైనుంచి ఒక బృందం వస్తోందట కాలేజీ చూడ్డానికి. వాళ్ల ముందు నేను ప్రదర్శన ఇవ్వాలి. పెద్ద తెర మీద, వంద మంది ముందర. కంప్యూటర్ ఆన్ చేసి, రక్తహీనత మీద ఒక వ్యాసం వెతికి, అందులోని అంకెలతో చిన్న పట్టిక చేసి, నా మెయిలు తెరిచి, బృందంతో వచ్చే మేడంకు పంపాలి. నీకు ఇది ఎడమచేతి పని అన్నారు సార్. నువ్వు మన కాలేజీ ముఖం అన్నారు.

ఎడమచేతికి అయినా కుడిచేతికి అయినా ఏడు రోజులు చాలు. నీట్‌కు ఎన్ని నెలలు చదివాను, ఇదెంత.

నవంబర్ 19, మంగళవారం

మెయిలు సంగతి ముందే చూసుకుందామని ఓంప్రకాశ్ అన్నకు ఫోన్ చేశాను. నోటుబుక్కు తీసి పాస్‌వర్డ్ చెప్పాడు. సుల్తానాబాద్ ఒకటి రెండు మూడు. ఎంత తేలికగా ఉందో అన్నాను. అందరిదీ అదే అన్నాడు. మండలం మొత్తానికి ఒకటే పెడితే ఆయనకు యాదికి ఉంటుందట.

నా ఫోన్లో కొట్టి చూశాను. ఓటీపీ అడిగింది. ఆ ఓటీపీ ఆయన ఫోన్‌కు పోయింది, ఎందుకంటే మెయిలు తయారు చేసిననాడు ఆయన తన నంబరే ఇచ్చాడు. ఆయన చదివి చెప్పేలోపు టైం అయిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి రేపు ప్రయత్నించమని అదే చెప్పింది.

సోమవారం పొద్దున పదకొండింటికి ఫోన్ చేతిలో పట్టుకుని ఉండమని బతిమాలాను.

"సోమవారం యాడుంటా మాతా? ఎల్లుండి ఇరుముడి కడుతున్నం. ఫోన్ ఇంట్లనే పెట్టిపోవుడు మా గురుస్వామి నియమం. బుధవారం సాయంత్రానికి వస్త. స్వామి మీద భారం వెయ్యి."

నవంబర్ 20, బుధవారం

స్వామి మీద భారం వేశాను.

నవంబర్ 21, గురువారం

ఆలోచిస్తే ఇందులో కంగారుపడాల్సింది ఏమీ లేదు. ఒకటి, సోమవారం కరెంటు పోవచ్చు. రెండు, వచ్చేవాళ్లకు భోజనాల హడావుడి ఉంటుంది. మూడు, నాకు జ్వరం రావచ్చు. ఈ సాయంత్రం నుంచే కొంచెం ఒళ్లు వెచ్చగా ఉంది. ప్రవళిక చేయి పెట్టి చూసి ఏమీ లేదన్నది. ఆమె కూడా మొదటి సంవత్సరమే, ఆమెకేం తెలుసు.

ప్రవళికను అడిగాను, నీ ల్యాప్‌టాప్ మీద రెండు రోజులు నేర్చుకుంటానని. ఛార్జరు ఎక్కడో ఉందన్నది. తర్వాత మెల్లగా, దాన్ని ఇంతవరకూ తెరవలేదన్నది. ఎవరికీ చెప్పొద్దన్నది.

నవంబర్ 22, శుక్రవారం

పొద్దున ఏడింటికి లైబ్రరీకి పోతుంటే ల్యాబు తలుపు తెరిచి ఉంది. లోపల బాలమల్లు. రెండు కవర్లు తీసి మడతపెట్టి పక్కన పెట్టాడు. తెర వెలుగుతోంది. సదానందం గారు పక్కనే నిలబడి చూస్తున్నారు. వారం రోజుల నుంచి ఇదే జరుగుతోందట. సిద్ధాంతం నా దగ్గర సాయంత్రం, ప్రయోగం వాడి దగ్గర పొద్దున. తొమ్మిది మందీ వస్తున్నారట.

నేను వెనక్కి తిరిగిపోవాల్సింది. పోలేదు.

"ఆన్ బటన్ ఏది?" అన్నాను.

వాడు నన్ను ఏడిపించడానికి అది చక్కటి అదను. వాడుకున్నాడు కూడా. "లీడరమ్మా, సిలబస్ అయిపోయిందా?" అన్నాడు. తర్వాత కుర్చీ జరిపాడు. "ఇగో, గీడ. నొక్కు. గట్టిగ కాదు, గిది గుడిగంట కాదు."

నొక్కాను. ఏదో చిన్న చప్పుడు, తర్వాత వెలుగు. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. స్టెతస్కోపు అవసరం లేకపోయింది.

నాకేమీ రాదని వాడితో చెప్పాను. తెలుసన్నాడు.

"నాకు పందొమ్మిది రావని రాసిన. మిగిలిన పదకొండు నిజంగనే వస్తయి. రెండు రోజులల్ల నీకు నాలుగు నేర్పుత. సోమవారానికి నాలుగు చాలు."

నవంబర్ 23, శనివారం

ఒక్క వేలితో టైపు చేస్తున్నాను. అక్షరాలు వరుసలో లేవు. వీటిని ఎవరు ఇట్లా చెదరగొట్టారో. 'ఎ' పక్కన 'ఎస్' ఎందుకుందో బాలమల్లుకు కూడా తెలియదు. మౌసు తోక ముందుకు ఉండాలని నేను చెప్పిన మాట ఒక్కటే నిజమని తేలింది.

నవంబర్ 24, ఆదివారం

పాత మెయిలు వదిలేశాను. కొత్తది చేసుకున్నాను, నా నంబరుతో. ఓటీపీ నా ఫోన్‌కు వచ్చింది. ఆరు అంకెలు, నా కోసం. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను, మళ్లీ టైం అయిపోయింది. బాలమల్లు తల కొట్టుకున్నాడు. రెండోసారి వేసేశాను.

పాస్‌వర్డ్ పెట్టుకోమన్నది. ఇన్ని మాటలు పోగేసుకున్నాను కదా, ఒక్కటీ తోచలేదు. తర్వాత తోచింది. బాలమల్లు ముఖం అటు తిప్పుకున్నాడు. సదానందం గారు కూడా తిప్పుకున్నారు. ఆ మాట ఈ డైరీలో కూడా రాయను.

నవంబర్ 25, సోమవారం

పుస్తకం భాష రాస్తలేను ఇయ్యాల. వచ్చినట్టు రాస్త.

ముగ్గురు వచ్చిండ్రు. పెద్ద మేడం ముందు వరుసల కూసున్నది. బటన్ నొక్కిన. ఆన్ అయింది. రక్తహీనత అని ఒక్కొక్క అక్షరం వెతుక్కుంట కొట్టిన. ఎంతసేపు పట్టిందో నాకు తెల్వదు. ఎనిమిది నిమిషాలని ప్రవళిక చెప్పింది. పిల్ల ఎంత జాగ్రత్తగా చేస్తుందో చూడండని మేడం పక్కాయనతో అన్నది. పట్టిక చేసిన, మూడు గళ్లు. మెయిల్ తెరిచిన. నాది. పంపిన. పోయిందని తెర మీద వచ్చింది. వెనక వరుసల బాలమల్లు తల ఊపిండు.

మేడం ఫోన్ తీసి చూడలే. "మా ఆపరేటర్‌కు వచ్చి ఉంటుంది. చూసి చెప్తాడు" అన్నది.

గక్కడితోని దిగిపోతె అయిపోతుండె. లక్ష్మణ్ సార్ మొకం ఎలిగిపోతుంది. అప్పుడు మేడం సర్వే రిపోర్టు తిరగేసుకుంట అన్నది, తొంభై ఒక్క మందికి అన్నీ వచ్చినప్పుడు ఇక్కడ ల్యాబు ఎందుకని. తొమ్మిది మంది కోసం నలభై కంప్యూటర్లు దండగని. ముప్పై ఐదు కంప్యూటర్లు ఇంకో కాలేజీకి పంపుదాం, అక్కడి పిల్లలకు ఏమీ రాదట, పాపం అన్నది. పక్కాయన రాసుకుంటుండు.

సార్ నవ్వు గట్లనే ఉంది గని దాంట్ల పానం లేదు. సదానందం తలుపు కాడ తాళం పట్టుకొని నిలబడ్డడు.

మేడం పేజీ తిప్పింది. "ఈ ల్యామినేషన్ ఏమిటి? అందరికీ వచ్చా?"

"నువ్వే చెప్పమ్మా" అన్నడు సార్.

నేను చెప్పిన. "మేడం, ల్యామినేషన్ మాకు రాదు. గది ఓంప్రకాశ్ అన్నకు వస్తది."

"ఓంప్రకాశా? రోల్ నంబర్ ఎంత?"

"రోల్ నంబర్ లేదు మేడం. సుల్తానాబాద్‌ల నెట్ సెంటర్. తొంభై ఒక్క ఫారాలు ఆయనే నింపిండు. గా మార్కులన్ని ఆయనయి. నేను బటన్ నొక్కుడు శుక్రవారం నేర్చుకున్న. గా తొమ్మిది మంది నేర్పిండ్రు. కంప్యూటర్లు తీస్కపోకుండ్రి మేడం. మాకు రాదు."

ఎవ్వరు నవ్వలే. నవ్వినా బాగుండు.

మేడం చానసేపు రిపోర్టు చూసింది. సర్వే మళ్లీ చెయ్యమన్నది, ఇదే ల్యాబుల, ఎవరిది వాళ్లే, సార్ ముందట కూసోబెట్టి. అప్పటిదాక కంప్యూటర్లు కదలవన్నది. తప్పు రిపోర్టు వాపస్ తీసుకుంటున్నట్టు తనకు ఇప్పుడే ఒక మెయిల్ పెట్టమన్నది సార్‌ని.

సార్ లేచి కంప్యూటర్ కాడికి వచ్చిండు. నిలబడ్డడు. మౌసు దిక్కు చూసిండు. మెల్లగ అన్నడు, తన మెయిల్ ఆఫీసు క్లర్కు సాంబయ్య దగ్గర ఉంటదని. సాంబయ్య శబరిమల పోయిండట.

నవంబర్ 26, మంగళవారం

సార్ పిలిచి బ్యాడ్జి తీసుకున్నారు. ఏమీ తిట్టలేదు. సగం రాసిన వ్యాసం టేబుల్ మీద ఉంది, మీద పేపర్ వెయిటు పెట్టి.

క్లాసులో ఎనభై తొమ్మిది మంది నాతో మాట్లాడటం లేదు. తొంభై మందిలో ఒకరిని తగ్గించాను, ప్రవళిక రాత్రి "నీ వల్ల నేను బేసిక్‌ల పడ్డ" అన్నది. అది కూడా మాట్లాడటమే. తర్వాత అలమారా తెరిచి ఛార్జరు వెతకడం మొదలుపెట్టింది.

బాపుకు ఫోన్ చేయాలి. రేపు చేస్తాను.

నవంబర్ 27, బుధవారం

చేయలేదు.

నవంబర్ 28, గురువారం

పొద్దున ఓంప్రకాశ్ అన్న ఫోన్. మాల తీసేశాడు, మళ్లీ చెల్లె అంటున్నాడు. అరవణ ప్రసాదం మా ఇంట్లో ఇచ్చాడట. రేపు మళ్లీ అదే ఫారం ఉందని ఎవరో చెప్పారట.

"రోల్ నంబర్లు నా కాడ ఉన్నయి చెల్లె. తొమ్మిదింటికల్ల తొంభై ఒక్కటి కొట్టేస్త."

వద్దన్నా, మేమే నింపుకుంటాం అన్నాను. "నా చేతిల ఏమన్న తప్పు వడ్డదా?" అన్నాడు. నీ చేతిలో తప్పు పడలేదన్నా, అందుకే మాకు చేయి తిరగలేదు అన్నాను. ఆయనకు నచ్చలేదు. పాత మెయిలు నోటుబుక్కులో కొట్టేయమంటే మాత్రం కొట్టేశాడు. పెన్ను గీత ఫోన్లో వినిపించింది. అట్లా వినిపించేటట్టు గట్టిగా గీశాడు.

మధ్యాహ్నం బాపుకు చేశాను. మొత్తం చెప్పాను, తల ఊగిన దగ్గర నుంచీ. వెనక మిల్లు చప్పుడు. అర్థమైందో లేదో తెలియలేదు. కాసేపటికి అన్నాడు:

"మరి ల్యామినేషన్ చేయించినమాయె బిడ్డా. గిప్పుడెట్ల?"

తీసి లోపల పెట్టు బాపూ అన్నాను.

"ఎందుకు పెట్టాలె? నీళ్లు వడ్డా ఖరాబ్ కాదు గది. నువ్వు నేర్సుకునేదాక ఉంటది. ఇయ్యాలటి సంది అడిగినోళ్లకు నేర్సుకుంటుందని చెప్త."

ఫోన్ పెట్టేశాక హాస్టలు మెట్ల మీద కూర్చున్నాను. ఏ నిఘంటువూ తెరవబుద్ధి కాలేదు.

సాయంత్రం ల్యాబు ముందు లక్ష్మణ్ సార్ ఎదురయ్యారు. నేను పక్కకు తప్పుకున్నాను. ఆయన పోలేదు. నోటీసు బోర్డు చదువుతున్నట్టు అటే చూస్తూ, పొద్దున ల్యాబు ఎన్నింటికి తెరుస్తారని అడిగారు. ఏడింటికి సార్ అన్నాను. పిల్లలు ఎక్కువమంది ఉంటారా అన్నారు. ఎనిమిది దాకా మేం పది మందిమే సార్ అన్నాను. "నాది కూడా ఒక కొత్త మెయిలు..." అని అక్కడితో ఆపి వెళ్లిపోయారు.

బాలమల్లుకు చెప్తే, సార్‌కు తను నేర్పితే బాగుండదన్నాడు. ఆయన బ్యాడ్జి నీ దగ్గరే తీసుకున్నాడు కదా, నువ్వే నేర్పు అన్నాడు. అందులో న్యాయం ఏమిటో నాకు బోధపడలేదు కానీ ఒప్పుకున్నాను.

రేపు పొద్దున ఆరింటికి లేవాలి. ప్రవళికను కూడా లేపాలి, తిట్టినా సరే. ఏడింటికి నలభై కవర్లూ తీసి మడతపెట్టాలి. సదానందం గారు సంచి తెస్తానన్నారు. సార్ వస్తే మొదటి కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి, ఆన్ బటన్ చూపించి, గట్టిగా నొక్కొద్దని చెప్పాలి. ఆయన పాస్‌వర్డ్ పెట్టుకునేటప్పుడు ముఖం అటు తిప్పుకోవాలి. ఎనిమిదింటికి ఫారం. మొదటి ప్రశ్నకు 'వచ్చు'. ఏడో ప్రశ్నకు 'అసలు రాదు'. ఇతర నైపుణ్యాల గడి ఖాళీ.